మూడు రోజుల ఖాళీ గ్రాఫు: నా అనుభవం

ఏప్రిల్‌లో ఒక బుధవారం తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకి ఫోన్ మోగింది. కాటా దగ్గర ఉండే అన్న.

"అబ్బయ్యా, బిల్లు ఎక్కడం లేదు. బటన్ నొక్కితే తిరుగుతా ఉంది, తిరుగుతానే ఉంది. ఆరు బండ్లు లైన్లో ఉండాయి. రొంత చూడు."

నేను నెల్లూరు దగ్గర, ముత్తుకూరు రోడ్డులో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సర్వర్లు చూస్తాను. నేను, నెట్‌వర్క్ చూసే ఇంకో తమ్ముడు, అంతే మా టీమ్. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు చెరువుల్లో పట్టుబడి ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామునే జరుగుతుంది. ఎండ ఎక్కక ముందే సరుకు ఐసులో పడాలి, ప్లాంటుకి చేరాలి. ఇక్కడికి వచ్చాక కాటా వేస్తారు, కౌంటు తీస్తారు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో లెక్క. 30 కౌంటుకి ఒక రేటు, 100 కౌంటుకి ఇంకో రేటు. ఆ లెక్క కంప్యూటర్లో ఎక్కి బిల్లు వస్తేగానీ బండి కదలదు. బిల్లు పది నిమిషాలు ఆలస్యమైతే బయట ఐసు కరుగుతూ ఉంటుంది, బండి పక్కన నిలబడిన రైతు మొహం వాడిపోతూ ఉంటుంది. సర్వరు నెమ్మదించడమంటే మా దగ్గర అర్థం ఇదీ.

వేదాయపాళెంలో ఇంటి నుంచే ల్యాప్‌టాప్ తెరిచి మానిటరింగ్ స్క్రీన్ చూశాను. సీపీయూ 35 శాతం. మెమరీ మామూలే. డిస్కు గ్రాఫు మాత్రం బాగా పైకి లేచి ఉంది. ఆ డిస్కుని ఎవరు చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు అనేది తెలియాలంటే కింద ఉండే డేటాబేసు గ్రాఫులు చూడాలి. సెకనుకి ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయి, ఎవరు పట్టుకున్న డేటా (దాన్ని లాక్ అంటారు) వదిలేదాకా ఎవరు ఆగి ఉన్నారు, డేటా పేజీలు, అంటే డిస్కు నుంచి తెచ్చుకున్న డేటా ముక్కలు, మెమరీలో ఎంతసేపు నిలుస్తున్నాయి, అన్నీ అక్కడే ఉంటాయి. కిందికి జరిపాను. ఏమీ లేదు. అన్ని గీతలూ ఆదివారం రాత్రి 11:40 దగ్గర తెగిపోయి ఉన్నాయి. ఆ తర్వాత తెల్లటి ఖాళీ.

సున్నా వేరు, ఖాళీ వేరు. కాటా మీద ఏమీ పెట్టకపోతే సున్నా చూపిస్తుంది. కాటాకి కరెంటు పోతే ఏమీ చూపించదు. నా స్క్రీన్ మీద ఉన్నది రెండోది. సోమవారం, మంగళవారం, బుధవారం, ఆ డేటాబేసుని ఎవరూ కొలవలేదు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు.

ఎందుకు తెలియలేదంటే, అలర్ట్‌లన్నీ హద్దుల మీద పెట్టుకున్నాం. ఫలానా అంకె ఇంత దాటితే మెసేజ్ పంపు, ఇంతకన్నా తగ్గితే మెసేజ్ పంపు అని. అంకే రాకపోతే అది దేన్నీ దాటదు, దేనికన్నా తగ్గదు. అందుకే మూడు రోజులు ఫోన్‌కి ఒక్క మెసేజ్ రాలేదు. మెసేజ్ రాలేదు కాబట్టి అంతా బాగుందని అనుకున్నాం. ఈ మూడు రోజుల మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ పొద్దున 7 దాటాక సర్వరు దానంతటదే తేరుకుంది. బండ్లు కదిలాయి. ఎందుకు నెమ్మదించిందో, ఎందుకు తేరుకుందో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ముందు ఆ గ్రాఫులు తిరిగి రావాలి.

మొదటి పూట నేను చేసిన పనులన్నీ తప్పు చోట చేసినవే. స్క్రీన్‌కి అంకెలు తెచ్చే ఏజెంట్ చెడిపోయిందనుకొని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. అదే ఖాళీ. ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమోనని తమ్ముడూ నేనూ కూర్చొని రూల్స్ అన్నీ తిరగేశాం. మధ్యాహ్నం దాకా అదే సరిపోయింది. ఒక్క విషయం ముందే గమనించి ఉండాల్సింది. సీపీయూ, మెమరీ, డిస్కు అంకెలు అదే ఏజెంట్ నుంచి, అదే దారిలో వస్తూనే ఉన్నాయి. దారి మూసుకుపోతే అవీ రాకూడదు కదా.

చెన్నైలో నాతో పాటు పనిచేసిన స్నేహితుడికి ఫోన్ చేశాను. అంతా విని ఒకటే అడిగాడు. "మధ్యవాళ్ళని వదిలేయ్ రా. డేటాబేసునే అడిగావా?"

అడగలేదు. మా డేటాబేసు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016. అందులో తన పనితీరు అంకెల్ని చూపించే ఒక వ్యూ, అంటే పట్టిక లాంటిది, ఉంటుంది, సిస్ డాట్ డీఎం ఓఎస్ పెర్ఫార్మెన్స్ కౌంటర్స్ అని. ఆ అంకెల్నే కౌంటర్లంటారు. మధ్యలో విండోస్, ఏజెంట్, స్క్రీన్ ఏవీ లేకుండా నేరుగా అక్కడే చూడొచ్చు. అందులో ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టమని ఒక చిన్న క్వెరీ, అంటే డేటాబేసుని అడిగే ప్రశ్న, వేశాను. మామూలుగా వందల్లో ఉంటాయి, డేటాబేసులు ఎక్కువుంటే వెయ్యి కూడా దాటతాయి.

సున్నా వరసలు.

నా లాగిన్‌కి అనుమతి లేదేమోనని కూడా చూశాను. ఆ వ్యూ చదవాలంటే వ్యూ సర్వర్ స్టేట్ అనే అనుమతి కావాలి. అది లేకపోతే ఎర్రర్ వస్తుంది, సున్నా వరసలు రావు. కాబట్టి అనుమతి సమస్య కాదు. అంకెలు దారిలో పోవడం లేదు, పుట్టిన చోటే పుట్టడం లేదు. పొద్దుటి నుంచి నేను పడిన అవస్థంతా ఇంటి ముందు కుళాయి విప్పి చూడకుండా వీధి పైపులు తవ్వినట్టయింది. ఈ పని చేసేవాళ్ళు ఎవరు చదువుతున్నా, మొదట ఈ ఒక్క క్వెరీ వేయండి. దీని జవాబుని బట్టి ఎటు వెళ్ళాలో సగం తేలిపోతుంది. వరసలుండి స్క్రీన్ మీద రాకపోతే పైకి వెతకాలి. వరసలే లేకపోతే కిందికి వెతకాలి.

కిందికి అంటే ముందు ఎర్రర్ లాగ్, డేటాబేసు తనకి జరిగినవి రాసుకునే ఫైలు. ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదలైన ప్రతిసారీ కొత్త లాగ్ మొదలుపెడుతుంది. ఆదివారం తర్వాత మళ్ళీ రీస్టార్ట్ చేయలేదు కాబట్టి ఆ రాత్రి మాటలన్నీ లాగ్ మొదట్లోనే ఉన్నాయి. రెండు ఎర్రర్లు కనిపించాయి, 8313, 3409. పనితీరు కౌంటర్ల నంబర్లని వాటి పేర్లతో జత చేయలేకపోయాను, అందుకని కౌంటర్లని ఆపేశాను అని మొదటిదాని సారాంశం. కౌంటర్ల ఐఎన్‌ఐ ఫైలుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయి, సర్వీసు ఖాతాకి రిజిస్ట్రీ అనుమతులు ఉన్నాయో లేదో చూడు అని రెండోది. ఐఎన్‌ఐ ఫైలులో కౌంటర్ల పేర్లుంటాయి, రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు. జబ్బు, మందు రెండూ మూడు రోజులుగా అక్కడే రాసి ఉన్నాయి.

ఆదివారం రాత్రి ఏం చేశామో అప్పుడు గుర్తొచ్చింది. వాడకంలో లేని ఒక పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ని ఆ సర్వరు నుంచి తీసేశాం. తీసేశాక రీస్టార్ట్ చేశాం. టైము 11:40.

ఇక్కడ విండోస్ ఈ లెక్కల్ని ఎలా దాచుకుంటుందో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. విండోస్ ప్రతి కౌంటర్‌కీ ఒక నంబరు ఇస్తుంది. ప్రాసెసర్ అనేదానికి 238, మెమరీకి 4. పేర్లకి సరి సంఖ్యలు, వాటి వివరణలకి బేసి సంఖ్యలు. ఈ పేర్లూ నంబర్ల పట్టిక రిజిస్ట్రీలో పెర్ఫ్‌లిబ్ అనే చోట ఉంటుంది. ఇంగ్లీషు పట్టిక పేరు 009. ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి ప్రోగ్రాము ఇన్‌స్టాల్ అయినప్పుడు తన కౌంటర్లని ఆ పట్టిక చివర చేర్చుకుంటుంది. నా నంబర్లు ఇక్కడ మొదలై అక్కడ ముగుస్తాయి అని తన సర్వీసు కింద ఉండే పెర్ఫార్మెన్స్ అనే కీలో రాసిపెట్టుకుంటుంది. ఫస్ట్ కౌంటర్, లాస్ట్ కౌంటర్, ఫస్ట్ హెల్ప్, లాస్ట్ హెల్ప్, ఇవీ ఆ నాలుగు విలువలు. ఒక ప్రోగ్రాము తన వాటా తీసేసుకునేటప్పుడు పట్టిక చెదిరితే, పక్కవాళ్ళ లెక్క కూడా పోతుంది. గట్టు తీసేసినప్పుడు పక్క చెరువు హద్దురాయి కూడా లేచిపోయినట్టు.

ఆఫీసులో పరీక్షలకి వాడే ఇంకో సర్వరు ఉంది. దాని రిజిస్ట్రీ ఒక పక్క, దీని రిజిస్ట్రీ ఒక పక్క తెరిచి పెట్టి చూశాను. అక్కడ నాలుగు విలువలూ ఉన్నాయి. ఇక్కడ నాలుగూ లేవు. ఏ ఐఎన్‌ఐ ఫైలు వాడాలో చెప్పే పెర్ఫ్‌ఐఎన్‌ఐఫైల్ అనే విలువ మాత్రం రెండు చోట్లా ఉంది. డిజేబుల్ పెర్ఫార్మెన్స్ కౌంటర్స్ అనే విలువ ఏమైనా 1గా ఉందేమోనని కూడా చూశాను. అదే అయితే 0 చేస్తే సరిపోయేది. మా దాంట్లో ఆ విలువే లేదు. అంటే కౌంటర్లని ఎవరూ కావాలని ఆపలేదు, నమోదు చెరిగిపోయింది.

నమోదుని మళ్ళీ చేయడానికి విండోస్‌లోనే రెండు కమాండ్లున్నాయి. తీసేయడానికి అన్‌లాడ్‌సీటీఆర్, ఎక్కించడానికి లాడ్‌సీటీఆర్. ముందుగా ఆ పెర్ఫార్మెన్స్ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్నాను. లాడ్‌సీటీఆర్‌కి ఎస్ అనే ఆప్షన్ ఇస్తే ఉన్న పట్టికని ఒక ఫైలులో దాచిపెడుతుంది, అదీ చేశాను. రిజిస్ట్రీలో చెయ్యి పెట్టే ముందు వెనక్కి వచ్చే దారి ఉండాలి. దీన్ని నేను ఎంత తొందరలోనైనా వదలను.

కమాండ్ ప్రాంప్ట్ మామూలుగా తెరిచి వేస్తే యాక్సెస్ డినైడ్ అంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. మొదట ఎంఎస్‌ఎస్‌క్యూఎల్‌సర్వర్ అనే సర్వీసు పేరుతో అన్‌లాడ్‌సీటీఆర్ వేశాను. ఒక సర్వరు మీద నడిచే ఒక్కో ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని ఇన్‌స్టెన్స్ అంటారు. మాది విడిగా పేరు పెట్టని డిఫాల్ట్ ఇన్‌స్టెన్స్ కాబట్టి ఆ పేరు. పేరు పెట్టిన ఇన్‌స్టెన్స్ అయితే ఎంఎస్‌ఎస్‌క్యూఎల్, డాలర్ గుర్తు, ఆ తర్వాత ఇన్‌స్టెన్స్ పేరు వస్తాయి. తర్వాత లాడ్‌సీటీఆర్. ఐఎన్‌ఐ ఫైలు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫోల్డర్లో బిన్ అనే చోట ఉంటుంది. దాని పూర్తి దారి ఇచ్చాను, మధ్యలో ఖాళీలున్నాయి కాబట్టి కోట్ గుర్తుల్లో పెట్టాను. ఫైలు పేరు గుర్తున్నట్టు టైప్ చేయకుండా, రిజిస్ట్రీలో ఉన్న పెర్ఫ్‌ఐఎన్‌ఐఫైల్ విలువనే కాపీ చేశాను.

మళ్ళీ రిజిస్ట్రీ చూశాను. నాలుగు విలువలూ వచ్చేశాయి. పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ కౌంటర్ల పేర్లు జాబితాలో కనిపించాయి. ప్రాణం లేచి వచ్చినట్టయింది. కానీ డేటాబేసులో ఆ వ్యూ ఇంకా సున్నా వరసలే. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ జత చేసే పని మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చేస్తుంది. అప్పుడు కుదరకపోతే మళ్ళీ సర్వీసు రీస్టార్ట్ అయ్యేదాకా ప్రయత్నించదు.

సీజన్లో రీస్టార్ట్ అంటే అందరికీ టెన్షనే. మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు సార్. అరగంట అనుకుందాం."

"రేపు మధ్యాహ్నం మూడున్నరకి చేయి. ఆ టైముకి బండ్లుండవు. మళ్ళీ ఐదుకల్లా మాత్రం అన్నీ ఉండాలి నాయనా."

ఆ గ్యాపులో ఒక పని చేశాను. అది చాలా ఉపయోగపడింది. డేటాబేసు దేనికోసం ఎంతసేపు ఎదురుచూసిందో చెప్పే వెయిట్ స్టాట్స్ అనే వ్యూ వేరే ఉంది. అది ఈ కౌంటర్ల మీద ఆధారపడదు. కౌంటర్లు చచ్చిపోయినా అది బతికే ఉంటుంది. అయితే సర్వీసు రీస్టార్ట్ అయితే దాని అంకెలన్నీ చెరిగిపోతాయి. అందుకని గురువారం తెల్లవారుజామున 5కి ఒకసారి, 6కి ఒకసారి దాన్ని ఒక టేబుల్లోకి కాపీ చేసి, రెండింటి తేడా తీశాను. అన్నిటికన్నా పైన పేజ్ ఐఓ లాచ్ అనే ఎదురుచూపు ఉంది. కావాల్సిన డేటా పేజీ మెమరీలో లేదు, డిస్కు నుంచి రావాలి, అంతదాకా ఆగి ఉన్నాం అని దాని అర్థం. మూడు రోజుల చరిత్ర పోయింది, అది ఇక రాదు. కానీ ఆ ఒక్క గంట నా చేతిలో మిగిలింది.

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి సర్వీసు ఆపి మొదలుపెట్టాను. నాలుగు నిమిషాలు పట్టింది. లాగ్‌లో 8313 లేదు, 3409 లేదు. క్వెరీ వేశాను. 1,126 వరసలు. తమ్ముడు వెనకనుంచి స్క్రీన్ చూసి "వచ్చాయన్నా" అని నా భుజం తట్టాడు.

మానిటరింగ్ స్క్రీన్ మాత్రం ఇంకా ఖాళీయే. మా ఏజెంట్ అంకెల్ని డబ్ల్యూఎంఐ అనే విండోస్ మధ్యవర్తి ద్వారా చదువుతుంది. ఆ మధ్యవర్తి దగ్గర పాత పట్టికే ఉంది. విన్‌ఎంజీఎంటీ కమాండుకి రీసింక్‌పెర్ఫ్ అనే ఆప్షన్ ఇచ్చి కొత్త పట్టికని చదివించాను. రిమోట్ రిజిస్ట్రీ, పెర్ఫార్మెన్స్ లాగ్స్ సర్వీసుల్ని కూడా రీస్టార్ట్ చేశాను. చివరగా ఏజెంట్‌ని. 4 గంటల 20 నిమిషాలకి మొదటి చుక్క పడింది. తర్వాత ఇంకో చుక్క. రెండు చుక్కల మధ్య గీత.

ఏజెంట్ మీద నమ్మకం కుదరక, అవే అంకెల్ని నేరుగా వ్యూ నుంచి చదివే ఒక చిన్న స్క్రిప్ట్ కూడా రాసుకున్నాను. ఇక్కడ కొత్తవాళ్ళు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది. సెకనుకి బ్యాచ్ రిక్వెస్టులు అనే కౌంటర్ పేరులో సెకనుకి అని ఉన్నా, వ్యూలో కనిపించేది సెకను లెక్క కాదు. సర్వీసు మొదలైనప్పటి నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తం. నేను చూసినప్పుడు 18,412 ఉంది. పది సెకన్ల తర్వాత మళ్ళీ చూస్తే 19,052. తేడా 640, పదితో భాగిస్తే సెకనుకి 64. అదీ అసలు అంకె. అలాగే బఫర్ క్యాష్ హిట్ రేషియో. అది ఒక్కటే చూస్తే 2,985 అని ఉంది, ఇదేం శాతం అనిపిస్తుంది. దాని పక్కనే బేస్ అని ఇంకో వరస ఉంటుంది, అందులో 3,000. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 99.5 శాతం. కిలోకి ఎన్ని అనే మాట లేకుండా ఊరికే 40 అంటే రొయ్యల రేటు కట్టగలమా? ఇదీ అంతే.

శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకే ప్లాంటుకి వెళ్ళి స్క్రీన్ ముందు కూర్చున్నాను. పేజ్ లైఫ్ ఎక్స్‌పెక్టెన్సీ అనే గీత 4,000 పైన నడుస్తోంది. డిస్కు నుంచి తెచ్చిన పేజీ వాడకపోయినా మెమరీలో ఎన్ని సెకన్లు నిలుస్తుందో అది చెబుతుంది. 300 కన్నా తగ్గకూడదని పాత లెక్క ఒకటి అందరూ చెబుతుంటారు. ఆ ఒక్క అంకె పట్టుకొని కూర్చోవడం నాకు నచ్చదు. మెమరీ ఎంతో, పని ఎంతో, అందరికీ ఒకటే హద్దు ఎలా అవుతుంది? నిన్నటితో, మొన్నటితో పోల్చి చూడాలి. పోల్చడానికి చరిత్ర ఉండాలి. అందుకే ఆ ఖాళీ మూడు రోజులు నన్ను అంత బాధపెట్టాయి.

సరిగ్గా 5 గంటలకి ఆ గీత నిట్టనిలువునా పడిపోయింది. 4,000 నుంచి 60కి. అదే నిమిషంలో కాటా దగ్గర బిల్లు తిరగడం మొదలైంది. అప్పుడు నడుస్తున్న క్వెరీలు చూస్తే, అకౌంట్స్ వాళ్ళు సోమవారం నుంచి పొద్దున్నే ఆటోమేటిగ్గా వచ్చేలా పెట్టించుకున్న కొత్త రిపోర్టు. రైతువారీగా, కౌంటువారీగా కొనుగోళ్ళు. అది గత నాలుగేళ్ళ బిల్లులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మేము ఇచ్చిన మెమరీ 8 జీబీ. ఆ పాత బిల్లులు వచ్చి కూర్చోవడంతో, ఆ పూట కావాల్సిన రైతుల ఖాతాలు, రేట్ల పట్టికలు బయటికి పోతున్నాయి. ప్రతి బిల్లుకీ వాటిని మళ్ళీ డిస్కు నుంచి తెచ్చుకోవాలి. గురువారం నేను పట్టుకున్న పేజ్ ఐఓ లాచ్ ఎదురుచూపు ఇదే.

అంటే ఆదివారం చెరిగిపోయిన కౌంటర్లకీ, సోమవారం మొదలైన నెమ్మదికీ సంబంధమే లేదు. రెండూ ఒకే వారం పడ్డాయి, అంతే. ఆ కౌంటర్లు ఉండి ఉంటే సోమవారమే ఆ గీత చూసి ఉండేవాళ్ళం.

అకౌంట్స్ అక్కతో మాట్లాడాను. రిపోర్టు మధ్యాహ్నం రెండుకి మార్చడానికి వెంటనే ఒప్పుకుంది. "నాకు తెల్లవారుజామునే కావాలని ఎవరు చెప్పారు తమ్ముడూ, సాయంత్రంలోగా వస్తే చాలు" అంది. కావాల్సిన తారీఖుల బిల్లుల్ని నేరుగా వెతికిచ్చేలా తారీఖు మీద ఒక ఇండెక్స్ కూడా వేశాను, ఇప్పుడది ఒక్క సీజన్ బిల్లులే చదువుతుంది. శనివారం తెల్లవారుజామున కాటా అన్న నుంచి ఫోన్ రాలేదు. నేనే చేశాను. "పోతా ఉండాయిలే అబ్బయ్యా, పడుకో" అన్నాడు.

ఆ వారమే రెండు కొత్త అలర్ట్‌లు పెట్టాను. ఏ గ్రాఫుకైనా పది నిమిషాలు కొత్త అంకె రాకపోతే మెసేజ్. సర్వీసు మొదలైన ప్రతిసారీ ఆ వ్యూలో ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టి, ఎన్ని ఉన్నా సరే, మెసేజ్. నెల తిరిగాక ఒక ఆదివారం రాత్రి ప్యాచ్‌ల కోసం సర్వరు రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. ప్లాంటు గేటు దగ్గర బండి మీద కూర్చొని ఫోన్ చేతిలో పట్టుకొని ఎదురుచూశాను. 11 గంటల 52 నిమిషాలకి మెసేజ్ వచ్చింది, 1,126 వరసలు అని. అప్పుడు బండి స్టార్ట్ చేశాను.